గొర్రె మింగిన నెమ్ము మాత్రలు

నా ముప్పై నాలుగేళ్ల నర్సు ఉద్యోగంలో, నేనిచ్చిన మందు తిని లేచి తిరిగిన వాళ్లలో ఒక గొర్రె కూడా ఉంది. ఈ మాట చెబితే ఇప్పటి నర్సింగు పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వండమ్మా, నేనూ మొదట నవ్వినదాన్నే. ఆ గొర్రె నోట్లో మనుషుల మాత్ర పడడానికి కారణం నా నోరు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి. ఇప్పుడు సిగ్గుపడే వయసు కూడా దాటిపోయింది కాబట్టి రాస్తున్నాను.

మాది కుప్పం. ఆ మూలన పుట్టినవాళ్లకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వస్తాయి, మూడింటిలో ఏదీ శుద్ధంగా రాదు. అదే నాకు అన్నం పెట్టింది. మదనపల్లె నుంచి పుంగనూరు వైపు పోయే దారిలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో చేరాను. డాక్టర్లు కొందరు తమిళం వైపు నుంచి, కొందరు బెంగుళూరు నుంచి వచ్చేవాళ్లు. రోగులేమో కలకడ, పెద్దపంజాణి పల్లెల్లో సేద్యం చేసుకొనేవాళ్లు, గొర్రెలు మేపుకొనేవాళ్లు. డాక్టరు ఇంగ్లీషులో ఒక రోగం పేరు చెప్పి నా వైపు చూస్తారు, రోగి కూడా నా వైపే చూస్తాడు. ఇద్దరి మధ్యా వంతెన వేయడం నా పని.

చేరిన మొదటి వారంలోనే ఒక తాతతో "మీ కాలేయం వాచింది" అన్నాను. పరీక్షకు బట్టీ పట్టిన తెలుగు అది. ఆయన నా మొహం చూశాడు, పక్కనున్న భార్య మొహం చూశాడు.

"యాడుంటాదమ్మా అది?" అన్నాడు.

"కార్జం తాతా, కార్జం."

"అట్ల సెప్పు. ఆదివారమాదివారం తింటానే ఉంటామే, కార్జం తెలవకుండా పోతాదా."

ఆ రోజుతో పుస్తకాన్ని పెట్టెలో పెట్టేశాను. ఊపిరితిత్తులు అనకుండా తిత్తులు అనడం, హృదయం అనకుండా గుండెకాయ అనడం నేర్చుకున్నాను. గొర్రెనూ మేకనూ కోసి చూసిన జనానికి ఒంట్లో ఏది ఎక్కడుంటుందో నాకంటే బాగా తెలుసు, పేరు ఒక్కటే వాళ్ల పేరుగా చెప్పాలి. ఇంతవరకు నేను చేసింది మంచి పనే. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. అవయవాల పేర్లు దించిన దాన్ని, ఊరుకోక రోగాల పేర్లు కూడా దించడం మొదలుపెట్టాను.

క్యాన్సరు వచ్చినవాళ్లకు "చిన్న గడ్డ" అని చెప్పేదాన్ని. గుండెపోటుతో వచ్చిన మనిషికి "గుండె కొంచెం అలిసిందప్పా, అంతే." పక్షవాతానికి "నరం పట్టింది." టీబీకి "నెమ్ము." ఇది నా ఒక్కదాని తెలివి కాదు, మా వార్డులో అందరి పద్ధతీ అదే. రోగి మంచం మీద ఉండగానే బంధువులు వార్డు తలుపు దగ్గర మమ్మల్ని ఆపి, చేతులు పట్టుకొని, "పేరు మాత్రం చెప్పొద్దమ్మా" అని బతిమాలేవాళ్లు. పెద్ద రోగం పేరు చెవిన పడితే మనిషి సగం అప్పుడే పోతాడని మా వైపు గట్టి నమ్మకం. చావు కబురైనా చల్లగా చెబుతుందని నాకు పేరొచ్చింది. కొత్తగా చేరే పిల్లలకు "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని పాఠం కూడా చెప్పేదాన్ని. ఎంత గర్వమో అప్పుడు.

మా మందుల గదిలో ఒక కాంపౌండరు ఉండేవాడు. పొట్టి మనిషి, పెదవి కదపకుండా చురక వేసే రకం. ఒకసారి నా చీటీ చూసి, "సిస్టరమ్మా, నువ్వు చెప్పే రోగాలకు నా దగ్గర మందుల్లేవు. నా బీరువాలో అన్నీ పెద్ద రోగాల మందులే ఉండాయి" అన్నాడు. అందరమూ నవ్వాము. ఆయన నవ్వలేదు. అది హాస్యం కాదని నాకు తట్టడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆ మరుసటి ఏడు ఒక సోమవారం ఓపీకి పెద్దపంజాణి వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. యాభైకి దగ్గర పడిన మనిషి. నలభై గొర్రెలను భార్యాభర్తలిద్దరే చూసుకొంటారు. రెండు నెలలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం, రవిక భుజాల మీద నిలవనంతగా చిక్కిపోయింది. ఎక్స్‌రే తీశారు, కళ్లె పరీక్ష చేశారు. టీబీ.

ఆమె బయట బెంచీ మీద ఉండగానే భర్త నన్ను తలుపు వెనక్కి పిలిచాడు. పెద్ద మీసాల మనిషి, గొంతు మాత్రం పూర్తిగా దిగిపోయింది.

"ఆ పేరు మాత్రం సెప్పొద్దు సిస్టరమ్మా. వాళ్లమ్మకు ఇదే వచ్చిండె. పేరు వినిన దినం నుంచి ముసిలామె కూడు ముట్టలేదు, ఆ దిగులుతోనే పోయింది. ఇది కూడా అట్లే అయిపోతాది. నీ కాళ్లు పట్టుకుంటా."

కాళ్లు పట్టుకొనే పని లేకుండానే ఒప్పుకొన్నాను. నాకు అలవాటైన పనే కదా. పోయి ఆమె పక్కన కూర్చొని చెప్పాను. తిత్తుల్లో నెమ్ము చేరింది, ఆరు నెలలు విడవకుండా మాత్రలు తినాలి, ఉచ్చ ఎర్రగా పోతుంది, అది మందు రంగు, భయపడొద్దు.

ఆమె నా మొహంలోకి చూసి అడిగింది. "నెమ్ముకు ఆర్నెల్లు యాలమ్మా?"

"ముదిరిన నెమ్ము" అన్నాను, తడుముకోకుండా.

ఆ జవాబు అంత తొందరగా నోటికి వచ్చినందుకు ఆ రోజంతా నన్ను నేను మెచ్చుకొన్నాను. ఇంకొక సంగతి కూడా చెప్పాలి, దాచితే ఈ కథ రాయడమే దండగ. టీబీ వచ్చినవాళ్ల ఇంట్లో ఉన్న అందరినీ పరీక్షకు పిలిపించాలి, పసిపిల్లలుంటే ముందు వాళ్లని. అది కూడా చెప్పమని మా పెద్ద డాక్టరమ్మ నాకు అప్పగించింది. చెబితే "నెమ్ముకు ఇంటిల్లిపాదీ యాల?" అని అడుగుతుంది కదా. అందుకని ఆ మాట మింగేసి, దగ్గేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోమని మాత్రం చెప్పి పంపించాను.

మొదటి రెండు నెలలు ఆమె చెప్పిన రోజుకు వచ్చింది. దగ్గు తగ్గింది, ఒళ్లు తేరుకొంది. రెండో నెలలో నాకు ఒక సంచీ నిండా అనపకాయలు తెచ్చింది. మూడో నెల రాలేదు. గడువు దాటి పది రోజులైనా జాడ లేదు. కాంపౌండరు ఆమె కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. రెండు గళ్లలో టిక్కు, మిగిలిన నాలుగూ ఖాళీ. ఆయన ఏ చురకా వేయలేదు. కార్డు పట్టుకొని పెద్ద డాక్టరమ్మ గదికి పోయాను.

పెద్ద డాక్టరమ్మది వేలూరు పక్క ఊరు. ముప్పై ఏళ్లు మా మధ్య ఉన్నా తెలుగు సగమే వచ్చేది. కోపం వస్తే ఆ సగం కూడా చాలా మెల్లగా వచ్చేది.

"ఆమెకి ఏమి రోగం అని చెప్పినావు?"

"నెమ్ము అని చెప్పినాను డాక్టరమ్మా."

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అప్పుడు ఆమె చేసింది కరెక్టు. నెమ్ముకి రెండు నెల మందు జాస్తి. ఆమె తప్పు లేదు." మళ్లీ అంది, "సగంలో ఆపితే పురుగు చావదు, మందుకి అలవాటు పడిపోతుంది. తరువాత నా దగ్గర మందు లేదు. రేపు బస్సు ఎక్కు. నువ్వు చెప్పిన మాట నువ్వే పోయి తీసుకో."

అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే కాసేపు ఏడ్చి ఊరుకొనేదాన్ని.

మర్నాడు పొద్దున్నే పుంగనూరు బస్సెక్కాను. ఎదురుగా టమోటా బుట్టలతో బండ్లు వరసగా మదనపల్లె యార్డుకు పోతున్నాయి. నేను కిటికీ పక్కన కూర్చొని, ఆమెతో ఏమనాలో మనసులో అల్లుకొంటూ పోయాను. సిగ్గులేని దాన్ని కదా, అప్పుడు కూడా ఇంకో చిన్న మాట కోసమే వెతుకుతున్నాను. "నెమ్ము వేర్లు మిగిలిపోయినాయి" అంటే సరిపోతుందా అని. పుంగనూరులో ఇంకో బస్సు, దాని తరువాత ఆటో, ఆటో దిగాక రాళ్ల దారిలో నడక.

గొర్రెల దొడ్డి దగ్గర ఆమె కనిపించింది. ఎంత బాగుందో మనిషి. బుగ్గలు నిండాయి. చంకలో ఏడాది లోపు ఆడపిల్ల, కొడుకు కూతురు. దాని మూతికి తన మూతి ఆనించి బుర్రుమని ఆడిస్తోంది, అది కిలకిలా నవ్వుతోంది.

"ఎవురూ, సిస్టరమ్మా, రామ్మా రా. ఇంత దూరం నడిసొస్తివా ఎండలో."

"మాత్రలకు యాల రాలేదమ్మా నువ్వు?"

"నాకు పోయింది కదమ్మా నెమ్ము. మొన్నటి నెలవే ఇంకా మిగిలిండె. ఊరికే పారేసేది యాలని దానికి ఏసినాను."

దానికంటే ఎవరికో అర్థం కాలేదు. ఆమె దొడ్డి మూలకు వేలు చూపించింది. ఒక నల్ల మొహం గొర్రె నింపాదిగా నెమరు వేస్తోంది.

"అది కూడా నా మాదిరే ఒగటే దగ్గు. దానిదీ నెమ్మే. సంగటి ముద్దలో బెల్లం పెట్టి, మాత్ర నూరి మింగించినాను. దాని ఉచ్చ కూడా ఎర్రగానే వచ్చెనమ్మా. మందు బాగా పట్టిండాదని తెలిసిపోయె."

నవ్వొచ్చేసింది. దేవుడు క్షమించాలి, ఆ దొడ్డి వాకిట నిలబడి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాను. ఆమె కూడా నవ్వింది, చంకలో పిల్ల కూడా నవ్వింది. ఆ పిల్ల నవ్వు చూసేసరికి నాది ఆగిపోయింది. ఈమె సోమరితనంతో మందు మానలేదు. మతిమరుపుతో మానలేదు. నేను చెప్పిన రోగానికి, నేను చెప్పిన మందును, లెక్క తప్పకుండా, దయగా పంచింది. నెమ్ముకైతే ఆమె చేసినదాంట్లో వంక పెట్టేదేమీ లేదు.

అప్పటికి భర్త ఇంట్లోంచి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. నన్ను చూసి తల అడ్డంగా తిప్పుతున్నాడు, చెప్పొద్దని. నెమ్ము వేర్ల మాట నా నాలుక చివరే ఉంది. పిల్లను చూశాను.

"నేను నీకు అబద్ధం చెప్పినానమ్మా" అన్నాను. "నీది నెమ్ము కాదు. టీబీ."

"సిస్టరమ్మా" అన్నాడు భర్త, ఏడుపు గొంతుతో.

ఆమె కూలిపోలేదు. ఏడవలేదు. ముందుగా చేసిన పని, మొహం పక్కకు తిప్పుకొని చంకలోని పిల్లను రెండు చేతులతో దూరంగా పట్టి భర్తకు అందించింది. తరువాత నాలుగడుగులు వెనక్కి పోయి కొంగు మూతికి అడ్డం పెట్టుకొంది. ఒక మాట వినగానే ఇంత పని చేయగల మనిషికి, రెండు నెలలకు పైగా ఆ మాట నేను దాచాను.

"మా అమ్మకొచ్చిందే, అదేనా?" కొంగు వెనక నుంచి అడిగింది.

"అదే."

భర్త అందుకొన్నాడు. "పేరు వింటే మీ అమ్మ మాదిరి నువ్వు కూడు మానేస్తావని, నేనే సెప్పొద్దన్నా."

అప్పుడు వచ్చింది ఆమెకు కోపం. "ఎవురు సెప్పిరి నీకు, మా అమ్మ పేరు విని సచ్చిందని? ఆమె పక్కన ఉండింది నేను. నోటికి కూడు పెట్టింది నేను. దగ్గు నిలిసిపోయిందని మందు మానేసింది మా అమ్మ. మళ్ల తిరగబెట్టె, ఇంక మందుకు లొంగలే, కూడు దిగలే. పేరు సంపలేదు, మందు మానిందానికి సచ్చింది." తరువాత నా వైపు తిరిగింది. "ఆ దినమే ఈ పేరు సెప్పుంటే నేను ఒగ మాత్ర ఇడిసిపెడతానా? గొర్రెకు ఏస్తానా? ఈ బిడ్డను ఎత్తుకుంటానా? నన్ను సిన్నబిడ్డ అనుకొంటివా సిస్టరమ్మా?"

తప్పయిందమ్మా అన్నాను. అంతకు ముందు ఏ రోగికీ ఆ మాట చెప్పిన గుర్తు లేదు.

కోపం కొంచెం దిగాక ఆమే అడిగింది, తిత్తులు ఎంతవరకు చెడినాయని. చచ్చిన గొర్రెను కోసినప్పుడు తను చూసిందట. మంచి తిత్తులు ఎర్రగా, మెత్తగా ఉంటాయి, రోగం తగిలినవి గట్టిపడి, లోపల తెల్లగా గడ్డలు కడతాయి. నీవి కూడా పైభాగాన అట్లే ఉన్నాయి, కుడివైపున ఒక చిన్న గుంత కూడా పడింది, మందు తింటే మానుతుంది అని చెప్పాను. ఆమెకు రెండు నిమిషాల్లో అర్థమైంది. నాకు ఆ సంగతి నర్సింగు స్కూల్లో అర్థం కావడానికి ఒక టర్ము పట్టింది.

మర్నాడు మొత్తం ఇల్లు ఆసుపత్రికి దిగింది. ఆమె, భర్త, కొడుకు, కోడలు, పసిది. కళ్లెలో పురుగు ఇంకా ఉంది. మందుకు లొంగుతుందా, అలవాటు పడిపోయిందా అన్నది తేల్చాలంటే పెద్ద ల్యాబుకు పంపాలి. జవాబు వచ్చేవరకు నాకు అన్నం సయించలేదు. మా ప్రార్థన గదిలో మోకాళ్ల మీద కూర్చొని, ఆ పసిదాన్ని కాపాడు ప్రభువా అని తప్ప ఇంకో మాట రాలేదు. కాంపౌండరు రోజూ నా బల్ల మీద ఒక కాఫీ పెట్టి, ఏమీ మాట్లాడకుండా పోయేవాడు. ఆయన చురక వేయకపోతే ఎంత భయంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ కాగితం పట్టుకొని వార్డుకే వచ్చింది. మందులన్నీ పనిచేస్తాయి. ఇంట్లో ఎవరికీ రోగం తగల్లేదు, పిల్లకు మాత్రం తగలకుండా కొన్నాళ్లు మందు వేస్తే చాలు. కాని పెద్దామె మొదటి రోజు నుంచి మళ్లీ ఆరు నెలలు తినాలి. అంటే నా ఒక్క మాటకు ఆమె కట్టిన జరిమానా రెండు నెలల మాత్రలు. డాక్టరమ్మ ఆ కాగితం నా చేతిలో పెట్టి, "ఇప్పుడు నువ్వే చెప్పు. పూర్తిగా చెప్పు" అంది.

ఆ ఆరు నెలలూ ఆమె మా ఓపీని ఏలింది. మూతికి గుడ్డ కట్టుకొని, చెట్టు కింద విడిగా కూర్చొని, వరసలో ఉన్న ప్రతివాళ్లనూ అడిగేది. "నాకు టీబీ. నీకేంది?" మొదట జనం జరిగి కూర్చొన్నారు. తరువాత ఒక్కొక్కరే వాళ్ల రోగాల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. తెలియనివాళ్లను "పోయి సిస్టరమ్మను అడుగు, పెద్ద పేరే అడుగు, సిన్నది సెప్తే ఇనొద్దు" అని నా మీదికి తోలేది. కాంపౌండరు కూడా మామూలు మనిషయ్యాడు. "సిస్టరమ్మా, ఇప్పుడు నీ రోగాలకూ నా మందులకూ పొత్తు కుదిరింది" అన్నాడు.

ఆఖరి నెల కార్డులో ఆరో గడి నిండింది, కళ్లె శుభ్రంగా వచ్చింది. ఆ రోజు ఆమె మాకు ఒక గిన్నెలో వేట కూర తెచ్చింది. నాకు అనుమానం వచ్చి, అది మన నల్ల మొహం గొర్రె కాదు కదా అని అడిగాను.

"ఛ, అది మన ఆసుపత్రి రోగి కదమ్మా. దాన్ని యాల కోస్తాను?" అంది.

ఆ తరువాత నేను పేరు దాచలేదు. బంధువులు తలుపు దగ్గర చేతులు పట్టుకొంటే, పట్టుకొన్న చేతులతోనే లోపలికి తీసుకుపోయి, రోగి పక్కన కూర్చొని, "ఏం రోగమో చెప్పమంటావా?" అని ఆ మనిషినే అడిగేదాన్ని. చాలామంది చెప్పమన్నారు. అందరికీ అది మేలే చేసిందని మాత్రం అనను. ఒక పెద్దాయన పేరు విని రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకొన్నాడు. నేను కూడా ఆ రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు లేచి, ఆపరేషను ఎప్పుడని అడిగాడు.

రిటైరై కుప్పం వచ్చేశాను. పోయిన ఏడు స్నానం చేస్తూ ఉంటే ఎడమ రొమ్ములో ఏదో చేతికి తగిలింది. ఇక్కడి ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాయి. రిపోర్టు వచ్చిన రోజు నా పక్కకు వచ్చి కూర్చొన్న నర్సు ఎవరనుకొన్నారు? నేను పని నేర్పిన పిల్లే. ఆ గొర్రె సంగతికి ముందు నేర్పిన పిల్ల. నా చెయ్యి పట్టుకొని, నా గొంతుతోనే, చల్లగా, "చిన్న గడ్డేలేమ్మా" అంది.

చెప్పొద్దూ, ఒక్క క్షణం ఎంత హాయిగా అనిపించిందో. నమ్మేయాలనిపించింది. ఆ మాట ఇన్నేళ్లు ఎందుకు చెప్పానో కూడా అప్పుడే తెలిసింది. కాని ఆ వెంటనే, మొహం తిప్పుకొని పిల్లను దూరంగా అందించిన ఆ రెండు చేతులు గుర్తుకొచ్చాయి.

"పేరు చెప్పు పాపా" అన్నాను.

దాని కళ్లు నిండిపోయాయి. "క్యాన్సరమ్మా" అంది. నేను దాని వీపు నిమిరాను. మొదటి దశలోనే దొరికింది. ఆపరేషను అయింది, మిగతా వైద్యమూ అయింది. ఇక రోజుకొక మాత్ర, అయిదేళ్లు. పాత అలవాటుకొద్దీ అట్ట ముక్క మీద నాకు నేనే గళ్లు గీసుకొని గోడకు తగిలించాను.

ఈ సంగతి పెద్దపంజాణికి ఎట్లా చేరిందో తెలియదు, బహుశా కాంపౌండరు పనే. పోయిన ఆదివారం ఫోను మోగింది. "గళ్లు నింపుతాండావా సిస్టరమ్మా?" అంది ఆ గొర్రెలామె. నింపుతున్నానమ్మా అన్నాను.

"బాగుండాను కదా అని మజ్జలో మానేసి యా గొర్రెకో ఏసేవు. నాకు తెలిస్తే బస్సెక్కి వస్తా."